హార్లీ ఉద్యోగం ఎందుకు ఊడింది?

అమెరికాలో 1987లో మొదలైన ఒక పిల్లల రేడియో నాటకంలో హార్లీ అని ఒక పోలీసాయన ఉండేవాడు. మనిషి మంచోడే, కాకపోతే వట్టి మాలోకం. ఏ కేసు పట్టుకున్నా తలకిందులయ్యేది. పిల్లలకి అదే సరదా. కానీ కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. పోలీసుని వెర్రిబాగులవాడిలా చూపిస్తే పిల్లలకి పెద్దరికం మీద గౌరవం పోతుందని వాళ్ళ బాధ. దాంతో హార్లీ ఉద్యోగం ఊడింది. ఆయనున్న ఎపిసోడ్లు కొన్ని పక్కన పెట్టేశారు, కొన్నిట్లో ఆయన్ని తీసేసి మళ్ళీ రికార్డు చేశారు.

ఆ నాటకం పేరు అడ్వెంచర్స్ ఇన్ ఒడిస్సీ. ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ అనే క్రైస్తవ సంస్థ తయారీ. ఆన్‌సైట్‌లో ఉన్న రోజుల్లో ఒక కొలీగ్ తన పిల్లల కోసం కారులో ఈ సీడీలు పెట్టేవాడు, నేనూ విన్నాను. దారి పొడుగునా వెనక సీట్లో నవ్వు తప్ప గొడవ లేదు. అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. నీతి పాఠంలో నవ్వు ఎందుకు కలుపుతారు? కలిపితే ఆ నవ్వు ఎవరి మీద పడుతుంది? మీరు ఏ మతమైనా, ఏ మతమూ కాకపోయినా ఇది అడగదగ్గ ప్రశ్నే. మా కోనసీమలో కూడా దీనికో చరిత్ర ఉంది. అది చెప్దామనే ఈ టపా.

ముందు ఒడిస్సీ సంగతి కాస్త చూద్దాం. ఊళ్ళో ఒక ఐస్‌క్రీమ్ దుకాణం, దాని యజమాని విట్ అనే పెద్దాయన. తెలివైనవాడు, దయగలవాడు. పిల్లలు తప్పులు చేస్తారు, చిక్కుల్లో పడతారు, చివరికి ఏదో తెలుసుకుంటారు. విట్‌కి గొంతు ఇచ్చింది హాల్ స్మిత్. ఈయనే అంతకుముందు ఆండీ గ్రిఫిత్ షోలో ఓటిస్ అనే ఊరి తాగుబోతు వేషంతో అమెరికా అంతా నవ్వించినవాడు. 1994లో చనిపోయేదాకా విట్ ఆయనే. అంటే నీతి చెప్పే గొంతు ఒక హాస్యనటుడిది! ఇక నీతిని సూటిగా చెప్పే పని వ్యాఖ్యాత క్రిస్‌ది. ఆవిడ ఎపిసోడ్ మొదట్లోనూ చివర్లోనూ వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతుంది. మన భాషలో చెప్పాలంటే నీతిని వేరే మాడ్యూల్‌లో పెట్టారు, నాటకం కోడ్ మీద భారం పడకుండా.

హార్లీ పోయాక హాస్యం భారం ఎక్కువగా యూజీన్ అనే కుర్రాడి మీద పడింది. కాలేజీ చదువు, కంప్యూటర్ల పిచ్చి, చిన్న మాటకి పెద్ద డిక్షనరీ విప్పే రకం. హార్లీకీ యూజీన్‌కీ గొంతు ఒకరిదే, విల్ రయాన్‌ది. అంటే నటుడు మారలేదు, నవ్వులపాలయ్యే మనిషి మారాడు. పోలీసుని చూసి నవ్వకూడదు గానీ కంప్యూటర్ వాడిని చూసి నవ్వొచ్చన్నమాట. మన జాతకం అంతే :)

సరదాకి అన్నాను గానీ ఇందులో అసలు సంగతి ఉంది. పిల్లల నాటకంలో ఎవరిని చూసి నవ్వొచ్చో తేల్చినప్పుడే ఆ సమాజంలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కూడా తేలిపోతుంది. చివర్లో చెప్పే నీతి కంటే ఈ పాఠమే పిల్లలకి ముందు ఎక్కుతుంది.

ఇక మన వైపు వద్దాం. మనకి కథలో హాస్యగాడిని ఎవరూ దిగుమతి చెయ్యక్కర్లేదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదకి దూకేస్తారు. రాముడి కథ ఆగి వీళ్ళ తగువు నడుస్తుంది. దానివల్ల రాముడికి ఏ అపచారమూ జరిగిందని ఎవరూ అనుకోలేదు. బుర్రకథలో ఇంకా పద్ధతిగా ఉంటుంది. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకాయన రాజకీయం చెప్తాడు, రెండో ఆయనది హాస్యం. కథకుడు వీరరసంలో ఊగిపోతుంటే హాస్యం వంత ఒక తిక్క ప్రశ్న వేస్తాడు. జనం మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళని పట్టుకుని ఊరూరా తిరిగింది, షేక్ నాజర్ దానికి పెద్ద పేరయ్యాడు. అంటే మన పద్ధతిలో గొప్ప మాటని మధ్యలో ఆపి ప్రశ్నించే హక్కు ఒకరికి ముందే రాసిచ్చారు.

మరి క్రైస్తవం ఇక్కడికి వచ్చినప్పుడు ఈ హాస్యగాడు ఏమయ్యాడు?

గోదావరి డెల్టాలో పనిచేసిన బ్రదరన్ మిషనరీలు మన దేశానికి వచ్చింది 1836లో. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి జార్జ్ బీర్, విలియం బౌడెన్ కుటుంబాలతో వచ్చి, చివరికి నర్సాపురం, పాలకొల్లుల్లో స్థిరపడ్డారు. నర్సాపురం రేవు దాటితే సఖినేటిపల్లి, అంటే కోనసీమే. తర్వాత అమలాపురం కూడా వాళ్ళ మిషన్ కేంద్రాల్లో ఒకటయ్యింది. బ్రదరన్ వాళ్ళది నిరాడంబరమైన పద్ధతి. విగ్రహం ఉండదు, ప్రత్యేకమైన అంగీ ఉండదు, ఆర్భాటం ఉండదు. వాక్యం, ప్రార్థన, పాట, రొట్టె విరవడం, అంతే. అలాంటిచోట నాటకానికి జాగా తక్కువే.

పాట మాత్రం తొందరగా తెలుగైపోయింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాలతో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, ఏ మిషన్ అన్న తేడా లేకుండా పాడుకునేవయ్యాయి. రాగానికి గేటు తీశారు. హాస్యం వంత మాత్రం చాలాకాలం గేటు బయటే నిలబడ్డాడు.

ఆయన పూర్తిగా లోపలికొచ్చింది క్రిస్మస్ నాటికల్లో. మా ఉప్పలగుప్తంలో నేను చూసినవే చెప్తాను. గబ్రియేలు దూత పాత బైబిలు తెలుగులో గంభీరంగా మాట్లాడతాడు. హేరోదు సినిమా విలన్‌లా అరుస్తాడు. గొర్రెల కాపరులు మాత్రం అచ్చం మా ఊరి భాషలో, "ఏవండీ, సలి సంపేత్తందండీ బాబూ, ఆయ్" అంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళకి ముందుగా రాసిన డైలాగు ఉండేది కాదు. ఆ ఏడాది ఊళ్ళో జరిగిన సంగతులన్నీ వాళ్ళ నోట్లోంచి వచ్చేవి. చర్చికి ఎప్పుడూ వెళ్ళని మాలాంటి వాళ్ళం కూడా ఆ కాపరుల కోసమే చలిలో కూర్చునేవాళ్ళం.

ఇది మా ఊరి ప్రత్యేకత అనుకున్నాను. కాదట. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ నాటకాలని 15వ శతాబ్దానివి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో మాక్ అనే దొంగ ఒక గొర్రెని ఎత్తుకొచ్చి, చంటిపిల్లలా ఉయ్యాల్లో పడుకోబెట్టి, అప్పుడే పుట్టిన మా బిడ్డ అని బుకాయిస్తాడు. కాపరులు కనిపెట్టేస్తారు. ఆ గొడవ అయ్యాక గానీ దూత రాడు, అసలు బిడ్డ దగ్గరికి కథ వెళ్ళదు. ఎక్కడి వేక్‌ఫీల్డ్, ఎక్కడి ఉప్పలగుప్తం! కానీ రెండుచోట్లా జనం కనిపెట్టింది ఒకటే. ఊరంతా ఎవరిని చూసి నవ్వుతుందో శుభవార్త మొదట వాళ్ళకే వచ్చింది. ఈ నీతిని విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు, నవ్వులోనే ఉంది.

మరి ఇంత బాగున్న కాపరులు టేపుల్లోకి, రేడియోలోకి ఎందుకు ఎక్కువగా రాలేదు? ఇక్కడ మనలాంటి వాళ్ళకి ఆసక్తి కలిగించే కారణాలున్నాయి.

మొదటిది రికార్డింగు పద్ధతి. హోండురాస్‌లో పనిచేసి, జబ్బుపడి తిరిగొచ్చిన జాయ్ రిడర్‌హాఫ్ 1939లో లాస్ ఏంజలిస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ అంటారు. ప్రపంచంలో వీలైనన్ని భాషల్లో బైబిలు కథలు రికార్డు చెయ్యాలని సంకల్పం. అట్టతో చేసి, చేత్తో తిప్పే గ్రామఫోన్ కూడా తయారుచేశారు. కరెంటు లేని ఊరికి అంతకంటే ఏం కావాలి! కానీ చాలా భాషల్లో రికార్డింగు ఎలా జరిగేదంటే, దుబాసీ ఒక వాక్యం చెప్తాడు, ఆ భాష మాట్లాడే మనిషి దాన్ని తిరిగి చెప్తాడు. తర్వాత టేపు కత్తిరించి వాక్యాలన్నీ అతికిస్తారు. కథ చేరుతుంది. కానీ జోకు ప్రాణం రెండు వాక్యాల మధ్య ఉండే గ్యాపులో ఉంటుంది. ఆ గ్యాపు కత్తెరకి పోతుంది.

రెండోది ప్రసార మార్గం. మన దేశంలో రేడియో అంటే దశాబ్దాలపాటు ఆకాశవాణి ఒక్కటే. ప్రసార తరంగాలు ప్రభుత్వం సొత్తు కావని 1995లో సుప్రీంకోర్టు చెప్పాక ప్రైవేటు ఎఫ్ఎమ్ వచ్చింది గానీ, ఆ లైసెన్సులు మత సంస్థలకి ఇవ్వరాదని నిబంధన పెట్టారు. కాబట్టి తెలుగు క్రైస్తవ కార్యక్రమాలు బయటి దేశాల ట్రాన్స్‌మిటర్ల నుంచి రావాల్సొచ్చింది. ఒకరకంగా ఆఫ్‌షోర్ హోస్టింగ్! ఫీబా వాళ్ళు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుంచి 1970లో మొదలుపెట్టి 2003 దాకా షార్ట్‌వేవ్‌లో ప్రసారం చేశారు. ట్రాన్స్ వరల్డ్ రేడియో వాళ్ళు శ్రీలంకలోని పుత్తళం నుంచి మీడియం వేవ్‌లో. షార్ట్‌వేవ్ విన్నవాళ్ళకి తెలుసు, గొంతు అలలా వచ్చి పోతూ ఉంటుంది. ప్రసంగంలో నాలుగు మాటలు పోయినా అర్థమవుతుంది. జోకులో చివరి మాట పోతే మిగిలేది ఏం లేదు. ప్యాకెట్ లాస్‌ని నీతి తట్టుకుంటుంది, హాస్యం తట్టుకోదు. ఇది నా సొంత సిద్ధాంతం, ఎవరూ కొట్టొద్దు.

ఇదే కాలంలో ఆకాశవాణిలో ఏం జరిగిందో కూడా చూడాలి. మద్రాసు కేంద్రంలో మొదలుపెట్టి తర్వాత హైదరాబాదులో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లలనే స్టూడియోకి పిలిచి మైకు ముందు నిలబెట్టారు. పిల్లల గొంతుతో పిల్లల తెలుగు. విజయవాడ కేంద్రం చిలకమర్తి వారి గణపతిని నాటకంగా వేస్తే, నండూరి సుబ్బారావు గణపతిగా ఇళ్ళల్లో నవ్వులు పూయించారు. ఆ గణపతికి చివర్లో బుద్ధి రావాలని ఎవరూ కోరుకోలేదు!

మూడో కారణమే నన్ను ఎక్కువ బాధపెట్టేది. అది భాష. టేపు రికార్డర్లు వచ్చాక ఇక్కడే తయారైన పిల్లల కథల క్యాసెట్లు కొన్ని మా ఇంటికి కూడా వచ్చాయి. నాకు గుర్తున్నంతలో మంచి పిల్లాడు పుస్తకంలా మాట్లాడతాడు. దారితప్పినవాడు, పనివాడు, తిండిపోతు మా యాసలో మాట్లాడతారు. నవ్వు వచ్చేది, బానే ఉండేది. కానీ వింటున్న పిల్లాడు తను మాట్లాడేది ఏ భాషో చూసుకుంటాడు కదా? మంచితనానికి ఒక భాష, వెర్రితనానికి ఒక భాష అని తేల్చేసుకుంటాడు. క్రైస్తవ క్యాసెట్లనే అనడం అన్యాయం, మన సినిమాలు అంతకంటే పెద్ద ఎత్తున ఇదే చేశాయి. హైదరాబాదులో హాస్టల్లో చేరిన వారంలోనే నేను "ఆయ్" అనడం మానేశాను. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నవ్వారంతే.

అదే యాస క్రిస్మస్ నాటికలో కాపరుల నోట్లో ఉన్నప్పుడు నేనెప్పుడూ చిన్నబోలేదు. ఎందుకంటే అక్కడ కాపరులు హేరోదుని ఆటపట్టించేవాళ్ళు, పంతుళ్ళని ఆటపట్టించేవాళ్ళు, చివరికి పశువులపాకకి ముందు చేరేదీ వాళ్ళే. యాస ఒకటే. నవ్వు పైకి వెళ్ళిందా, కిందకి పడిందా అన్నదే తేడా.

నీతికి నవ్వు పడదనేవాళ్ళకి ఒక సంగతి. ఎల్టన్ ట్రూబ్లడ్ అని అమెరికాలో ఒక క్వేకర్ తత్వవేత్త. ఆయన ఇంట్లో బైబిలు చదువుతుంటే, తన కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు వెతికే మనిషి సంగతి వచ్చింది. నాలుగేళ్ళ కొడుకు పకపకా నవ్వేశాడట. కంట్లో దూలం ఏంటి అని! పెద్దవాళ్ళకి అప్పటిదాకా అది జోకని తట్టనేలేదు. క్రీస్తు హాస్యం మీద ఆయన 1964లో రాసిన పుస్తకానికి అదే నాంది. గమనించండి, ఆ జోకు పడేది పక్కవాళ్ళకి నీతులు చెప్పేవాడి మీద.

ఇంకో ఉదాహరణ రాన్ హామిల్టన్. 1978లో జబ్బు వల్ల ఒక కన్ను పోయింది, దాని మీద నల్ల గుడ్డ కట్టుకునేవాడు. పిల్లలు సముద్రపు దొంగ అని పిలిచారు. ఆయన నొచ్చుకోకుండా ఆ పేరే పెట్టుకుని ప్యాచ్ ద పైరేట్ అని పిల్లల కోసం కథలూ పాటలూ కలిపి ఆల్బమ్‌లు చేశాడు. 2023లో పోయేదాకా ఆయన్ని ఆ పేరుతోనే తలుచుకున్నారు. పాఠం చెప్పేవాడు ముందు తనే నవ్వులపాలయ్యాడు. ఇక పిల్లలు ఆయన మాట ఎందుకు వినరు?

ఇప్పుడు షార్ట్‌వేవ్ అక్కర్లేదు, కత్తెర అక్కర్లేదు. ఉప్పలగుప్తంలో ఒక ఫోను, నలుగురు పిల్లలు ఉంటే సాయంత్రానికి నాటకం వాట్సాప్‌లో తిరుగుతుంది. రికార్డింగూ ప్రసారమూ రెండు అడ్డాలూ పోయాయి. మూడోదే మిగిలింది, అది యంత్రాలతో పోయేది కాదు. పైగా యంత్రపు గొంతులతో కథలు చదివించడం మొదలైంది, ఆ గొంతులకి ఏ ఊరి యాసా ఉండదు. కాబట్టి పిల్లల నాటకం రాసేవాళ్ళని, ఏ మతం వాళ్ళయినా సరే, నేను అడిగేది ఒకటే. మంచి పిల్లాడికి మా యాస ఇవ్వండి. అయ్యగారికో, పంతులుగారికో, మేనేజరుకో ఒక్కసారి కాలు జారనివ్వండి. హార్లీని మళ్ళీ డ్యూటీలో చేర్చుకోండి. పోలీసుని చూసి నవ్విన పిల్లలెవరూ దొంగలైపోలేదు. తమ మాటని చూసి తామే సిగ్గుపడిన పిల్లలు మాత్రం నాకు బోలెడుమంది తెలుసు.

మీ ఊరి క్రిస్మస్ నాటికల్లో కాపరులు ఏం మాట్లాడేవాళ్ళో గుర్తుంటే చెప్పండి. మీ యాసలోనే చెప్పండి.