బొమ్మకు రాయని వివరణ: సిడ్నీ నుంచి మన ఉగాది సంచిక దాకా

ఉగాది సంచిక పీడీఎఫ్ గ్రూపులో పెట్టిన మర్నాడు మన పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. నీటికాసుల జబ్బుతో ఆయనకు చూపు పోయి ఆరేళ్లయింది. ఫోనులో ఏదున్నా దాని చేత చదివించుకుని వింటారు. "ఏం నాయనా, ముప్పై రెండు పేజీల పుస్తకం పంపితిరి. నా ఫోను దాన్ని ముప్పై రెండు సార్లు 'ఇమేజ్' అని చదివి ఊరుకుంది. నా వ్యాసం కూడా అందులోనే ఉందంట కదా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ పేజీలు కూర్చింది నేను. ఆయన చెబితే మనవరాలు రాసిపెట్టిన వ్యాసాన్ని, ఆయనే చదువుకోలేని రూపంలో ఆయనకు పంపాను. అందుకని ఈ నెల మన వలసల కథ పక్కనపెట్టి ఈ చరిత్ర రాస్తున్నాను.

కంప్యూటరు మొదట్లో చూపులేనివాళ్లకు ఇప్పటికంటే సులువుగానే ఉండేది. డాస్ రోజుల్లో తెర మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు. వాటిని వరుసగా పైకి చదివే ప్రోగ్రాముంటే పని జరిగిపోయేది. అలాంటి స్క్రీన్ రీడర్లలో పేరున్న జాస్ 1989లో వచ్చింది. దాన్ని తెచ్చిన టెడ్ హెంటర్ ఒకప్పుడు మోటార్‌సైకిల్ పందేలలో పోటీపడినవాడు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయాక ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు.

వెబ్ కూడా మొదట అక్షరాలే. 1993లో మొజాయిక్ బ్రౌజరు వచ్చి అక్షరాల పక్కనే బొమ్మలు చూపించడంతో లోకమంతా సంబరపడింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది. బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడరుకు తెలియదు. దానికి మందు కూడా అప్పుడే ఉంది: బొమ్మ పెట్టే కోడులోనే 'ఆల్ట్' అనే చోట దాని వివరణ రెండు ముక్కల్లో రాయవచ్చు. కంటికి కనబడదు, చెవికి వినబడుతుంది. రాయడానికి అర నిమిషం చాలు. ఎవరూ రాసేవారు కాదు. 1997 చివర్లో వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ 4 దాన్ని తప్పనిసరి చేసింది. అదే ఏడాది, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ అప్పట్లో నడిపిన డబ్ల్యూ3సీ సంస్థ ఈ పని కోసమే ఒక విభాగం పెట్టింది. 1999 మే 5న 14 మార్గదర్శకాలు వెలువడ్డాయి.

సరిగ్గా ఆ తర్వాతి నెలలో ఆస్ట్రేలియాలో బ్రూస్ మగ్వైర్ అనే చూపులేని వ్యక్తి సిడ్నీ ఒలింపిక్స్ నిర్వాహక సంఘం మీద మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. ఆయన అడిగినవి మూడు: టికెట్ల వివరాలు బ్రెయిలీలో కావాలి, సావనీరు బ్రెయిలీలో కావాలి, వెబ్‌సైటు చదవగలిగేలా ఉండాలి. (సావనీరు అన్న మాట చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది.) ఆయన అడిగిన మార్పులు పెద్దవేమీ కావు. బొమ్మలకు ఆల్ట్ వివరణ రాయాలి, కార్యక్రమాల పేజీ నుంచి క్రీడల జాబితాకు దారి ఉండాలి, ఫలితాల పట్టికలు అర్థమయ్యేలా చదవబడాలి.

అది మా వల్ల కాదు, మోయలేని భారం అన్నారు నిర్వాహకులు. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తే 368 రోజులు పడుతుందని లెక్క చూపారు. మగ్వైర్ తరఫున వచ్చిన నిపుణులు అంత లేదు, కొద్ది వారాల పని అని చెప్పారు. 2000 ఆగస్టు 24న కమిషన్ మగ్వైర్ వైపే తీర్పిచ్చింది. ఆటలు మొదలయ్యే సెప్టెంబరు 15లోగా సరిచేయమంది. నిర్వాహకులు పూర్తిగా చేయలేదు. ఆటలు ముగిశాక, నవంబరులో 20,000 డాలర్ల పరిహారం కట్టమని ఆదేశం వచ్చింది. డబ్బు వచ్చింది గాని, ఊళ్లో ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లో ఆ వెబ్‌సైటు ఆయనకు పూర్తిగా అందలేదు. ఆ 368 రోజుల లెక్క మీద నాకు కోపం రావాలి. రాలేదు. పోయిన ఏడాది మన వెబ్‌సైటు గురించి అడిగితే నేనూ ఇంచుమించు అలాగే చెప్పాను కాబట్టి.

అదే దేశంలో 2006లో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు, స్క్రీన్ రీడర్లు అంత ఖరీదెందుకని తానే ఒకటి రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే, ఆయనకూ చూపు లేదు, తోడయ్యాడు. అదే ఎన్‌వీడీఏ. ఇప్పటికీ ఉచితం. తెలుగు కూడా చదువుతుంది.

చదువుతుంది గాని, ఎదుట ఉన్నది తెలుగైతేనే. మన పత్రికలూ ముద్రణశాలలూ ఏళ్ల తరబడి వాడినవి సొంత ఫాంట్లు. కంటికి 'అ' కనబడుతుంది, లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. స్క్రీన్ రీడరు లోపలిదాన్నే చదువుతుంది, వినేవాళ్లకు గోల తప్ప ఏమీ ఉండదు. యూనికోడులో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా పాత ఫాంట్లు వదలలేదు. తెలుగు పత్రికల సైట్లను యూనికోడులోకి మార్చి చూపడానికి 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కు ప్రత్యేకంగా ఒక పొడిగింపు తయారుచేయాల్సి వచ్చింది. మన సంచికలు 2019 దాకా ఆ పాత ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ తర్వాతవి నేను అందంగా ఉంటాయని పేజీలను బొమ్మలుగా మార్చి పెట్టినవి. ఏది నయమో చెప్పలేను.

మన దేశంలోనూ చట్టం లేక కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమే అంది. కెమెరా ముందు కనురెప్పలు ఆడించమనే కేవైసీ దగ్గర ఆగిపోయిన యాసిడ్ దాడి బాధితులూ, చూపులేనివారూ వేసిన కేసులవి.

ఇది ఒక్క పెద్దాయన కోసమా అని కార్యవర్గంలో ఒకరు అడిగారు. మన ఇళ్లల్లో లెక్క చూడండి. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ బడుల్లో చదివిన మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. సంచిక నిజమైన యూనికోడు తెలుగులో ఉంటే వాళ్ల ఫోను కూడా చదివి వినిపిస్తుంది. కావాలంటే తమకు వచ్చిన లిపిలోకి మార్చుకుని చదువుకోగలరు. బొమ్మలో ఉంటే వాళ్లకు దక్కేదీ 'ఇమేజ్' అన్న మాటే. ఆ పెద్దాయనా, యానాం తప్ప మన ఊళ్లన్నిటిలో ఉన్న ఈ పిల్లలూ ఒకే గుమ్మం బయట నిలబడి ఉన్నారు.

ఈ వారం నేను మొదలుపెట్టిన పని ఇది. ఉగాది సంచికను మొత్తం యూనికోడులో మళ్లీ కూర్చి మామూలు వెబ్ పేజీలుగా పెడుతున్నాను. పేజీ తెలుగులో ఉందని కోడులో ఒక చిన్న గుర్తు రాయాలి, లేకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఇంగ్లీషు గొంతుతో తడబడతాయి. ఫోటోలకు వివరణ రాస్తున్నాను. పసుపు మీద తెల్ల అక్షరాలు తీసేశాను, నా కళ్లకే అవి కనబడటం లేదు. సభ్యత్వ ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో ఫోను చెప్పేలా పేర్లు జతచేశాను.

పెద్దాయన వ్యాసం ముందు పెట్టి లింకు పంపాను. పావుగంటకు ఫోన్ వచ్చింది. మూడో పేరాలో మా తాత పేరు తప్పు పడింది, దిద్దు అన్నారు. దిద్దాను. 2019కి ముందువి ఇరవై రెండు సంచికలున్నాయి. పాత ఫాంట్ల నుంచి మార్చినవాటిని అక్షరం అక్షరం సరిచూడాలి. తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఆదివారం ఒక గంట ఇవ్వగలిగితే కింద పేరు రాయండి, సంచికలు పంచుకుందాం.