కుక్క సిజేరియన్‌కు మత్తు, నొప్పి మందు: హైదరాబాదు క్లోరోఫాం పరీక్షల నుంచి నేటి దాకా

కాన్పు కష్టమైన కుక్కకు పొట్ట కోసి పిల్లల్ని తీయాల్సి వచ్చినప్పుడు పశువైద్యుడి చేతిలో ఉండేది ఒక్క ప్రాణం కాదు. తల్లితో పాటు నాలుగైదు, ఒక్కోసారి పది పిల్లల ప్రాణాలు కూడా ఉంటాయి. తల్లికి ఇచ్చిన మత్తు మావి దాటి పిల్లలకు చేరుతుంది. మత్తు తగ్గిస్తే తల్లికి నొప్పి, పెంచితే పిల్లలకు ఊపిరాడదు. ఈ చిక్కు తీరడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. మనుషుల నొప్పి తీర్చిన మందుల్లో కొన్నింటి తొలి పరీక్షలు కుక్కల మీదే జరిగాయి. అదే కుక్క కాన్పుకు వచ్చేసరికి ఆ మందులు అందరికన్నా ఆలస్యంగా అందాయి. ఈ కథలో మరచిపోకూడని ఘట్టం ఒకటి 1888–89లో హైదరాబాదులో జరిగింది.

కుక్కకు మత్తు ఎక్కించడం చాలా పాత సంగతే. 1656లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెన్ ఒక కుక్క రక్తనాళంలోకి నల్లమందు కలిపిన ద్రవాన్ని ఎక్కించాడు. అది వైద్యం కోసం కాదు, ప్రయోగం కోసం. శస్త్రచికిత్సలో మత్తు శకం మొదలైంది 1846 అక్టోబరులో, అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్‌తో. మరుసటి ఏడాదే ఇంగ్లండులో పశువైద్యులు దాన్ని కుక్కల మీద, పిల్లుల మీద ప్రయత్నించారు. ఎడ్వర్డ్ మేహ్యూ అనే పశువైద్యుడు ఈథర్ పీలుస్తూ కుక్కలు పెట్టిన అరుపులు విని, ఇది నొప్పి తీర్చే మందేనా అని అనుమానించాడు. జంతువు అరుపును అంత శ్రద్ధగా చెవిన పెట్టిన వైద్యుడు ఆ కాలంలో ఉండడమే గొప్ప. కానీ ఆ అనుమానం పశువైద్యంలో ఈథర్ వాడకాన్ని వెనక్కి లాగింది.

1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. ఆయన ప్రసూతి వైద్యుడు. స్త్రీల పురిటి నొప్పులు తగ్గించడమే ఆయన లక్ష్యం. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు జాన్ స్నో క్లోరోఫాం ఇచ్చాక దానికి లోకమంతా పేరొచ్చింది. ఈలోగానే చావులూ మొదలయ్యాయి. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోతూ క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. చంపింది గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా? గుండె అని లండను వైద్యులు, ఊపిరి అని ఎడింబరో వైద్యులు నలభై ఏళ్లు వాదించుకున్నారు. ఇది పండితుల తగువుగా మిగిలేది కాదు. మత్తిచ్చే మనిషి రోగి నాడి పట్టుకుని కూర్చోవాలా, ఊపిరి మీద కన్నేసి ఉంచాలా అన్నది దీని మీదే తేలాలి.

ఈ వాదాన్ని హైదరాబాదుకు తెచ్చినవాడు ఎడ్వర్డ్ లౌరీ. ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడిగా చదివి, 1885 ప్రాంతంలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, హైదరాబాదు మెడికల్ స్కూలు ఆయన చేతి కిందివే. నాడి సంగతి వదిలేసి ఊపిరినే చూడమని గురువు చెప్పిన మాట ఆయనకు వేదం. దాన్ని రుజువు చేయాలని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వాన్ని ఒప్పించి 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ వేయించాడు. నూటికి పైగా కుక్కలకు, అందులోనూ ఎక్కువగా ఊరకుక్కలకు, చచ్చేదాకా క్లోరోఫాం పట్టి ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని చూశారు. ముందు ఊపిరే ఆగిందని తేల్చారు.

లండనులోని లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌన్ల ఖర్చు భరించి, మీ మనిషినే పంపి చూడమన్నారు. లాన్సెట్ తరఫున 1889 అక్టోబరులో వచ్చినవాడు లాడర్ బ్రంటన్, మందుల ప్రభావం మీద ఆనాడు పేరుమోసిన వైద్యుడు. గుండె వాదాన్ని నమ్మి వచ్చినవాడు. రెండో కమిషన్ ఆ ఏడాది చివరిదాకా పనిచేసింది. ఈసారి కుక్కలతో పాటు కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కూడా ఉన్నాయి. మొత్తం నాలుగు వందలకు పైగా జంతువులు. కొన్నింటి ధమనిలో గొట్టం పెట్టి, తిరిగే డోలు మీద చుట్టిన కాగితంపై రక్తపోటు గీత పడేలా అమర్చారు. గుండె చెడిన రోగి పరిస్థితిని పోల్చి చూడడానికి కొన్ని కుక్కలకు ముందు భాస్వరం తినిపించారు. కొన్నింటికి మార్ఫిన్, మరికొన్నింటికి ఇతర మందులు ఇచ్చి ఆ పైన క్లోరోఫాం పట్టారు.

బ్రిటన్‌లో 1876 నుంచి జంతు ప్రయోగాలకు లైసెన్సు కావాలని చట్టం ఉంది. అది హైదరాబాదుకు వర్తించదు. అక్కడ అనుమతి కావలసిన పని ఇక్కడ అదేమీ లేకుండా వారాల్లో అయిపోయింది. వీధుల్లో పట్టి తెచ్చిన ఆ కుక్కల్లో ఏ ఒక్కదాని కోసమూ అడిగినవారు లేరు. ఆ ప్రయోగాల విలువ ఎంతైనా ఈ మాట కూడా చెప్పుకోవాలి.

బ్రంటన్ అభిప్రాయం మారింది. క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుందని లండనుకు తంతి పంపాడు. పూర్తి నివేదిక 1890లో లాన్సెట్‌లో వరుసగా వెలువడింది. కానీ కమిషన్ చూసింది సగం నిజమే. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు ప్రమాదం బయటపడింది. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు, భయంతోనో నొప్పితోనో ఒంట్లో అడ్రినలిన్ పొంగితే, క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి ఒక్కసారిగా ఆపేస్తుంది. హానా గ్రీనర్ లాంటివారి హఠాన్మరణాలకు ఇది సరిపోయిన వివరణ. హైదరాబాదు పరీక్షలు ఎక్కువగా నిండు మత్తులో జరిగినందువల్ల ఇది వారి కంట పడలేదు. అయినా నిలిచిన పాఠం ఒకటుంది: మత్తులో ఉన్న రోగి ఊపిరిని క్షణం కూడా వదలకుండా గమనించాలి. లౌరీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889 నుంచి దశాబ్దాల పాటు హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చి, లోకంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరు పొందింది. ఆ పాఠం వల్ల బతికిన తల్లులు ఈ నగరంలో ఎందరో.

కుక్కలకు మాత్రం ఆ మేలు వెంటనే చేరలేదు, ప్రయోగాలకు అవే ముందు నిలిచినా. వెన్నులోకి మందిచ్చి నడుము కింద భాగాన్ని మొద్దుబార్చే పద్ధతి తొలిసారి రుజువైంది కూడా కుక్క మీదే. 1885లో న్యూయార్కులో లియోనార్డ్ కార్నింగ్ కొకైన్ ద్రావణాన్ని ఒక కుక్క వెన్నుపూసల మధ్య ఎక్కించాడు. కొద్ది నిమిషాల్లో దాని వెనక కాళ్లు పట్టు తప్పాయి. మనుషుల సిజేరియన్లలో నేడు నిత్యం వాడే వెన్నుమత్తుకు అది తొలి మెట్టు. పశువైద్యంలో క్లోరోఫాంను కుక్కలకు విరివిగా వాడి, భయపడనక్కర్లేదని చూపినవాడు ఇంగ్లండు పశువైద్యుడు ఫ్రెడరిక్ హాబ్డే. జంతువుల మత్తు మీద ఆయన పుస్తకం 1915లో వచ్చింది. కొన్ని శస్త్రచికిత్సలకు జంతువుకు మత్తివ్వడం తప్పనిసరి అని బ్రిటన్‌లో చట్టమైంది 1919లో. అంటే ఈథర్ వచ్చిన డెబ్భై మూడేళ్లకు.

కాన్పు కోత మిగతా కోతల్లాంటిది కాదు. నిండు చూలాలైన కుక్కలో గర్భసంచి ఊపిరితిత్తుల కింది కండరపొరను (డయాఫ్రంను) పైకి నెడుతుంది. వెల్లకిలా పడుకోబెడితే గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కుతుంది. ఆక్సిజన్ త్వరగా అడుగంటుతుంది. మత్తు మామూలు కన్నా తక్కువ మోతాదులోనే ఎక్కుతుంది. పిల్లల కాలేయం ఇంకా మందును విరిచే స్థితికి రాదు కాబట్టి తల్లి నుంచి చేరిన మందు వాటిలో చాలాసేపు నిలుస్తుంది. 1930ల్లో బార్బిచురేట్ ఇంజెక్షన్లు వచ్చి కుక్కల శస్త్రచికిత్సను సులువు చేసినా, కాన్పులో మాత్రం కదలిక లేని పిల్లల్ని చేతికిచ్చేవి. మార్ఫిన్‌దీ అదే ఇబ్బంది. అందుకే చాలాకాలం వైద్యులు తల్లికి కోత పడేచోట మాత్రం తిమ్మిరి మందు వేసి, కట్టేసి, వీలైనంత వేగంగా పని ముగించేవారు. పిల్లల్ని కాపాడాలన్న తపనలో తల్లి నొప్పి వెనకబడిపోయింది.

1950ల్లో హాలోథేన్ గ్యాసు, 1960ల్లో పుట్టిన జైలజీన్, కెటమిన్ ఇంజెక్షన్లు పశువైద్యం రూపు మార్చాయి. యంత్రం అక్కర్లేని జైలజీన్–కెటమిన్ జోడీ మన దేశంలో పల్లె ఆసుపత్రుల దాకా చేరింది. కాన్పుకు ఏది మంచిదన్నది లెక్కలతో తేలింది మాత్రం 1990ల చివర్లోనే. అమెరికా, కెనడా పశువైద్యశాలల్లో జరిగిన ఎనిమిది వందలకు పైగా కుక్కల సిజేరియన్లను పౌలా మూన్ బృందం పరిశీలించి 1998లో ప్రచురించింది. తల్లుల్లో చనిపోయినవి నూటికి ఒకటి. పిల్లల్లో పుట్టగానే బతికున్నవి 92 శాతం, వారం నాటికి 80 శాతం. జైలజీన్ గానీ మెథాక్సీఫ్లురేన్ అనే మత్తు గ్యాసు గానీ వాడని చోట పిల్లలన్నీ బతికే అవకాశం ఎక్కువని 2000లో వచ్చిన రెండో వ్యాసం తేల్చింది. ఐసోఫ్లురేన్ గ్యాసు, ప్రొపోఫాల్ ఇంజెక్షన్ ముందుకొచ్చాయి. ప్రొపోఫాల్‌ను కనిపెట్టిన జాన్ గ్లెన్ స్వతహాగా పశువైద్యుడు. నేడు మనుషుల ఆపరేషన్ థియేటర్లలో రోజూ వాడే ఆ మందుకు ఆయన 2018లో లాస్కర్ బహుమతి అందుకున్నాడు. జంతువుల నుంచి మనుషులకు వెళ్లిన మేలు ఇక్కడ పశువైద్యుడి చేతి మీదుగా వెళ్లింది.

మత్తు ఒక ఎత్తు, మెలకువ వచ్చాక నొప్పి మరో ఎత్తు. 1980ల దాకా శస్త్రచికిత్స అయిన కుక్కకు నొప్పి మందు ఇవ్వకపోవడమే చాలాచోట్ల ఆనవాయితీ. నొప్పి ఉంటే కదలకుండా పడి ఉంటుంది, కుట్లు తెగవు అన్న వాదన కూడా ఉండేది. అదే కాలంలో మనుషుల పసికందులకు కూడా నొప్పి అంతగా తెలియదనుకుని అరకొర మత్తుతో కోతలు చేశారు. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ పరిశోధనల తర్వాతే అది మారింది. నోరులేని వారి నొప్పిని నమ్మడానికి వైద్యానికి కొలత కావలసి వచ్చింది. కుక్కకు ఆ కొలత 2001లో గ్లాస్గో విశ్వవిద్యాలయం ఇచ్చింది. మూలుగుతోందా, గాయాన్ని నాకుతోందా, లేచి ఎలా నడుస్తోంది, గాయం పక్కన మెల్లగా నొక్కితే వెనక్కి తిరిగి చూస్తోందా అని వరుసగా గమనించి మార్కులు వేస్తారు. తర్వాత వచ్చిన చిన్న రూపంలో 24కు 6 వస్తే మందు ఇవ్వాల్సిందే. 2014లో ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం నొప్పి నివారణకు మార్గదర్శకాలు వెలువరించింది.

ఇప్పటి మంచి పద్ధతిలో వెంట్రుకలు తీయడం, శుభ్రం చేయడం కుక్క మెలకువగా ఉండగానే ముగిస్తారు, మత్తులో గడిపే సేపు తగ్గాలని. ముక్కుకు మాస్కు పెట్టి కొన్ని నిమిషాలు ఆక్సిజన్ పట్టి, ప్రొపోఫాల్‌తో నిద్రపుచ్చి, గొట్టం వేసి గ్యాసుకు మారుస్తారు. కోత గీత వెంట లిడోకైన్ అనే తిమ్మిరి మందు గానీ, వెన్నులో మందు గానీ పడుతుంది. దాంతో గ్యాసు తక్కువ సరిపోతుంది. పిల్ల బయటికి రాగానే సహాయకులు ముక్కు, నోరు తుడిచి, వెచ్చటి తువ్వాలుతో వీపు రుద్దుతారు. ఊపిరి తీసి కుయ్యిమంటేనే పక్కకు పెడతారు. పిల్లల్ని చేత్తో పట్టి ఊపే పాత అలవాటు మెదడుకు దెబ్బ తగులుతుందని మానేశారు. తల్లికి ముందే మార్ఫిన్ తరహా మందు పడి ఉంటే, దాని ప్రభావం విరిచే నలోక్సోన్ చుక్కను పిల్ల నాలుక కింద వేస్తారు. ఆఖరి పిల్ల బయటపడగానే తల్లికి నిండు మోతాదు నొప్పి మందు ఇస్తారు. వాపు తగ్గించే మందు ఒక్క మోతాదు ఇచ్చినా పాలలోకి దిగేది స్వల్పమే. నొప్పి లేని తల్లి త్వరగా పడుకుని పాలిస్తుంది. నొప్పితో ఉన్న తల్లి పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోవచ్చు.

తెలుగునాట పశువైద్య విద్య హైదరాబాదులో 1946లో, తిరుపతిలో 1955లో కళాశాలలుగా మొదలైంది. ఆ తరం చదువు పాడి పశువుల చుట్టూ తిరిగింది. 2003లో హచ్ ఫోను ప్రకటనలో కనిపించిన పగ్ కుక్కపిల్ల తర్వాత నగరాల్లో చప్పిడి ముక్కు జాతుల మోజు పెరిగింది. పెద్ద తల, ఇరుకు నడుము ఉన్న ఈ జాతులకు సహజ కాన్పు కష్టం. బ్రిటన్‌లో 2010లో వచ్చిన లెక్కల్లో బుల్‌డాగ్ ఈతల్లో 86 శాతం, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఈతల్లో 81 శాతం సిజేరియన్లే. ఊపిరి దారి ఇరుకైన ఈ కుక్కలకు మత్తు కూడా ఎక్కువ ప్రమాదం. నొప్పి మందు సంగతికొస్తే, మార్ఫిన్ తరహా మందుల మీద 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆంక్షలు బిగించింది. చవకగా దొరికే డైక్లోఫెనాక్, అది ఇచ్చిన పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను నాశనం చేస్తుందని తేలాక 2006లో పశువైద్యంలో నిషేధించారు. దాని స్థానంలో వచ్చిన మెలాక్సికామ్ రాబందులకూ హాని చేయదు, కుక్కలకూ సరిపోతుంది.

కుక్కను సిజేరియన్‌కు తీసుకెళ్లే ప్రతి ఇల్లూ డాక్టరును రెండు ప్రశ్నలు అడగాలి: మత్తులో ఉన్నంతసేపు ఊపిరి చూసే మనిషి ఎవరు, మెలకువ వచ్చాక ఇచ్చే నొప్పి మందు ఏది. ఇంటికొచ్చాక డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ వంటి మన మాత్రలు సొంతంగా వేయొద్దు. అవి కుక్క కడుపును, మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి.