పిల్లలు ఎవరి దగ్గర? ఏ ఊళ్లో?

ఆలుమగలు విడిపోయారని తెలిస్తే మనం మొదట అడిగేది, "పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు?" అనే. "ఏ ఊళ్లో ఉంటారు?" అన్నది ఆలస్యంగా గుర్తొస్తుంది. కారొలిన్ నార్టన్ జీవితం గురించి చదివాక నాకు రెండో ప్రశ్నే పెద్దదనిపించింది.

ఆవిడ ఇంగ్లండు రచయిత్రి. 1827లో జార్జ్ నార్టన్‌తో పెళ్లయింది. ముగ్గురు మగపిల్లలు. భర్త కొట్టేవాడు. 1836లో విడిపోయినప్పుడు పిల్లల్ని ఆమెకు అందకుండా పంపించేశాడు. ఆ రోజుల్లో చట్టం దృష్టిలో పిల్లలు తండ్రివాళ్లే. తల్లికి చూసే హక్కు కూడా లేదు.

కారొలిన్ ఊరుకోలేదు. కరపత్రాలు రాసింది, పార్లమెంటు సభ్యులను కదిలించింది. టాల్ఫోర్డ్ అనే సభ్యుడు బిల్లు పెట్టాడు. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమనీ, అంతకంటే పెద్దవాళ్లను చూడనివ్వమనీ తల్లి కోర్టును అడగవచ్చు.

కానీ ఆ చట్టం స్కాట్లాండుకు వర్తించదు. పిల్లలేమో అక్కడే, జార్జ్ తోబుట్టువు ఇంట్లో ఉన్నారు! ఎందరో తల్లులకు దారి చూపించిన చట్టం, దాని కోసం పోరాడిన తల్లికే అక్కరకు రాలేదు. 1842లో చిన్నవాడు విలియం గుర్రం మీంచి పడి, గాయం విషమించి చనిపోయాడు. తల్లి వెళ్లేసరికే ప్రాణం పోయింది. ఆ తర్వాతే మిగిలిన ఇద్దరినీ ఆమె దగ్గరకు రానిచ్చాడు.

పిల్లల్ని దూరం తీసుకుపోతే హక్కు కాగితం మీదే మిగులుతుందని తర్వాతి చట్టాలు గుర్తించాయి. మన దేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం, కోర్టు నియమించిన సంరక్షకులు ఆ కోర్టు పరిధి దాటి బిడ్డను తీసుకెళ్లాలంటే అనుమతి అడగాలి. దేశాల మధ్య ఇలాంటి తగవుల కోసం 1980లో హేగ్ ఒప్పందం వచ్చింది. బిడ్డను తీసుకెళ్లిపోతే, మామూలుగా ఉండే దేశానికి తిరిగి పంపి, తగవు అక్కడ తేల్చుకోమంటుంది. అమెరికా అందులో ఉంది, మన దేశం చేరలేదు.

ఇది మన ఇళ్లకూ సంబంధించిన విషయమే. అమెరికాలో కాపురం చెడి, బిడ్డతో పుట్టింటికి వచ్చేసే ఆడపిల్లలున్నారు. విదేశీ కోర్టు ఆర్డరును ఒక అంశంగా మాత్రమే చూడాలనీ, బిడ్డ మేలే ముఖ్యమనీ మన సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయినా అమెరికాలో 1993 చట్టం కింద, రెండో వాళ్ల హక్కుకు అడ్డుపడాలని బిడ్డను దేశం దాటించడం నేరం. గృహహింస నుంచి తప్పించుకోవడానికి వచ్చామని వాదించుకునే వీలు అందులోనే ఉంది. కాబట్టి టికెట్టు కొనకముందే అక్కడి లాయరుతో మాట్లాడటం మంచిది.

ఇద్దరికీ కస్టడీ ఉన్నప్పుడు ఉద్యోగం కోసమో, అమ్మానాన్నల తోడు కోసమో ఊరు మారాలనుకోవడం తప్పు కాదు. అయితే కొత్త బడి ఏది, సెలవుల్లో బిడ్డ ఎవరి దగ్గర, రానుపోను ఖర్చు ఎవరిది, ఫోను ఏ వేళకు అన్నవి ముందే రాసుకుని, ఒప్పుదలతోనో కోర్టు అనుమతితోనో కదలాలి. జార్జ్ చేసిన పని అమ్మ చేసినా, నాన్న చేసినా బిడ్డకు పోయేది ఒకటే కదండీ.