వాల్వు వెనక మాడు

వారానికి మూడు రోజులు అమ్మని అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకి ఫిజియోథెరపీకి తీసుకెళ్తాను. పోనూ రానూ కలిపి ఐదారు కిలోమీటర్లు. మొన్న చలికాలంలో బండి పొద్దున్నే వణకడం మొదలుపెట్టింది. బంకులో అమ్మే క్లీనర్ సీసా ఒకటి పెట్రోల్ ట్యాంకులో పోశాను, గుణం లేదు. ఒకరోజు చిక్కడపల్లి మార్కెట్ దగ్గర, వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే, అమ్మ పక్క సీట్లో ఉండగానే ఆగిపోయింది. "దిగి నడుద్దాంరా" అంది. ఆవిడ నడవలేకే కదా ఈ తిరుగుడంతా.

షోరూంలో ఇంజెక్టర్లన్నీ మార్చాలన్నారు. వాళ్ళు చెప్పిన అంకె విని, నారాయణగూడ సందులో ఉన్న పాత మెకానిక్ దగ్గరికి పోయాను. మా నాన్న స్కూటర్ కార్బొరేటర్ విప్పి, జెట్‌ని నోటితో ఊది బిగించిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటారు.

"సార్, గిది జీడీఐ. పెట్రోల్ సీదా సిలిండర్లనే కొడ్తది. ఇంజెక్టర్ల జోలికి ఇప్పుడే పోవద్దు, ముందుగాల వాల్వులు చూద్దాం" అన్నాడు.

బండి ఆయన దగ్గరున్న రెండు రోజులూ నేను సిటీ సెంట్రల్ లైబ్రరీలో, గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కూర్చుని ఈ ఇంజిన్ పుట్టుక గురించి చదువుకున్నాను. కొత్త టెక్నాలజీ అనుకున్నది మా అమ్మకంటే పెద్దదని తేలింది.

1940లో బ్రిటన్ మీద ఆకాశయుద్ధం జరిగినప్పుడు జర్మన్ల మెసర్‌ష్మిట్ 109 ఇంజిన్ పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మేది. బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌కి ఉన్నది కార్బొరేటర్. ముక్కు దించి ఒక్కసారిగా కిందికి దూకితే అందులో పెట్రోల్ చెదిరి ఇంజిన్ తడబడేది. జర్మన్ పైలట్లు అలా దూకే తప్పించుకునేవాళ్ళు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు పెట్రోల్ దారిలో బెజ్జమున్న చిన్న ఇత్తడి బిళ్ళ పెట్టి ఆ జబ్బుని చాలామటుకు అదుపు చేసింది. ఉస్తాద్‌కి చెప్తే ఎంత మురిసిపోయాడో!

యుద్ధం అయ్యాక అదే పద్ధతి కార్లలోకి వచ్చింది. 1954లో న్యూయార్క్‌లో చూపించిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, రెక్కల్లా పైకి లేచే తలుపుల కారు, అందులో పేరుమోసింది. దాని పంపు యాంత్రికం. ఇగ్నిషన్ ఆపినా ఇంజిన్ తిరగడం ఆగేదాకా పెట్రోల్ చిమ్ముతూనే ఉండేది. మండని ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగి కిందికి దిగి, ఆయిల్‌ని పలచన చేసేది. కొద్ది దూరాలే తిప్పేవాళ్ళ బండ్లకి మరీ ఎక్కువ. ఇది చదివినప్పుడు నాకు మా నారాయణగూడ ట్రిప్పులు గుర్తొచ్చాయి.

ఎలక్ట్రానిక్స్ తోడై 1996లో మిత్సుబిషి మళ్ళీ మార్కెట్లోకి తెచ్చింది. లోపల ఆవిరయ్యే పెట్రోల్ గాలిని చల్లబరుస్తుంది, కాబట్టి చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ బలం లాగొచ్చు. మన దగ్గర చిన్న టర్బో కార్లతో ఇది ఇంటింటికీ వచ్చింది.

మరి చిక్కెక్కడ? పాత ఎంపీఎఫ్‌ఐలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వు వెనక పడి, దాన్ని కడుగుతూ లోపలికి పోయేది. ఇందులో వాల్వు దాకా పెట్రోల్ రానే రాదు. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం వస్తుంది, వేడికి అంటుకుని గట్టిపడుతుంది. నేను పోసిన సీసా అక్కడికి చేరే దారే లేదన్నమాట. టయోటా 2005లో రెండు రకాల ఇంజెక్టర్లూ కలిపి పెట్టిన ఇంజిన్ తెచ్చింది. ఈ మసి గొడవకి అది మంచి విరుగుడు, ఖర్చు ఎక్కువైనా.

రెండో రోజు సాయంత్రం ఉస్తాద్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి చూపించాడు. దోసె పెనం అంచున ఏళ్ళ తరబడి పేరుకున్న మాడు లాగుంది. మసి లోపల పడకుండా, ఇంజిన్‌ని చేత్తో తిప్పి ఒక్కో సిలిండర్ వాల్వులు మూసుకున్నాకే మందు పోసి, నానబెట్టి, బ్రష్‌తో గీకాడు. పెద్ద వర్క్‌షాపుల్లో అక్రోటు పెంకుల పొడిని గాలితో కొడతారు. ఆయన దగ్గర ఆ మిషన్ లేదు, ఓపిక ఉంది.

హై ప్రెషర్ పైపుని మాత్రం ముట్టుకోనివ్వలేదు. టైర్లో ఉండేది రెండు బార్ల చిల్లర, ఇక్కడ రెండు వందలు దాటుతుంది, బండి ఆపాక కూడా కాసేపు నిలిచే ఉంటుంది. "వయసుల ఉన్నప్పుడు బస్సుల డీజిల్ పంపుల మీద పని నేర్సుకున్న సార్, గందుకే భయం" అన్నాడు. మా ఆర్టీసీ చౌరస్తా చుట్టుపక్కల అలాంటి చేతులు ఒకప్పుడు చాలానే ఉండేవి. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా శాఖ నీడలో తయారైన తరాలవి. ఇప్పుడు ఆయన షెడ్డులో కుర్రాళ్ళు లేరు.

బిల్లు షోరూం అంకెలో పదో వంతు కూడా కాలేదు. టర్బో జీడీఐకని రాసున్న ఆయిలే పోయాలి, పుస్తకంలో చెప్పిన దానికంటే ముందే మార్చాలి, వారానికోసారైనా బండిని బాగా వేడెక్కేదాకా తిప్పాలి అన్నాడు. దానివల్ల వాల్వు మాడు పోదట, ఆయిల్లో కలిసిన పెట్రోలూ నీళ్ళూ ఆవిరైపోతాయట.

అందుకని ఆదివారాలు అమ్మని ఎక్కించుకుని ఘట్‌కేసర్ దాకా వెళ్ళొస్తున్నాం. వచ్చే వారం భువనగిరి దాకా పోదామంటోంది.