పిల్లికూనకు వైద్యం - పేదవాడి గడపలో పుట్టిన చరిత్ర



కాడెద్దు కాలు బెణికితే మనం ఊరుకోము. అప్పో సప్పో చేసి పశువుల ఆస్పత్రికి తోలుకొని పోతాము. మరి బండి చక్రం కింద పడో, కుక్క నోట చిక్కో కాలు విరిగిన పిల్లికూన మాటేమిటి? "పిల్లికి కూడా వైద్యమా!" అని నవ్వేవారు ఉన్నారు. నవ్వని వారి చిక్కు వేరు. ఇంట్లో పిల్లలు ఏడుస్తుంటారు. మూలుగుతున్న ఆ ప్రాణిని చూడబోతే కడుపు తరుక్కుపోతుంది. చేతిలో చూస్తే డబ్బు ఆడదు.

అసలు పిల్లి పనికిమాలిన జీవమా? గాదెలో ధాన్యానికి, పురిలో గింజకు, అటకమీది విత్తనాల మూటకు రాత్రిళ్లు కాపలా ఎవరు కాస్తున్నారో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఎద్దుకు సంతలో ధర ఉంది, పిల్లికి లేదు. ధర లేని ప్రాణికి వైద్యం ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. దీని వెనుక రెండువేల రెండువందల సంవత్సరాల చరిత్ర ఉన్నది.

మొదటి మెట్టు మన గడ్డమీదనే చూడవచ్చు. కర్నూలు జిల్లాలో గుత్తికీ పత్తికొండకీ నడుమ ఎర్రగుడి అనే ఊరు ఉంది. ఆ ఊరి దగ్గరి బండలమీద అశోక చక్రవర్తి క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో చెక్కించిన శాసనాలు ఉన్నాయి. వాటిలో రెండవ ధర్మశాసనం మనకు కావలసినది. మనుష్యులకొకటి, పశువులకొకటి, రెండు విధాలైన చికిత్సలను తన రాజ్యంలోనూ, ఇరుగుపొరుగు రాజ్యాల్లోనూ ఏర్పాటు చేయించానని రాజు అందులో చెప్పుకున్నాడు. మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాడట. బాటల పక్కన బావులు తవ్వించాడట. అశోకుడు పశువుల ఆస్పత్రులు కట్టించాడని మనం చెప్పుకుంటూ ఉంటాము గాని, శాసనంలో భవనాల ఊసు లేదు. ఉన్నది చికిత్స, మందుమొక్కలు, అంతే. పిల్లి పేరూ అందులో లేదు. కాని నోరులేని ప్రాణి నొప్పి రాజు పట్టించుకోవలసిన పని అని రాతిమీద పడింది. అది చిన్న సంగతి కాదు.

ఇక పిల్లి పేరు స్పష్టంగా వినిపించే చోటు గుజరాతులోని ఖంభాత్ రేవు. 1583లో ఇంగ్లండునుంచి బయలుదేరి మన దేశం తిరిగిన రాల్ఫ్ ఫిచ్ అనే వర్తకుడు ఆ పట్టణాన్ని గురించి వ్రాస్తూ, అక్కడ కుంటి కుక్కలకూ, పిల్లులకూ, పక్షులకూ ఆస్పత్రులు ఉన్నాయని చెప్పాడు. 1623లో అదే ఊరికి పియత్రో దెల్లా వల్లె అనే ఇటలీ యాత్రికుడు వచ్చాడు. పక్షుల ఆస్పత్రిలో ఆయనకు ఒక వింత కనబడింది. తల్లిలేని చిట్టెలుక పిల్లలకు కళ్లద్దాలు పెట్టుకున్న తెల్లగడ్డం ముసలాయన ఈకతో పాలు పడుతున్నాడట! ఇలాంటి వాటినే పాంజరాపోలు అంటారు. జైనులు, హిందూ వర్తకులు ఇచ్చిన ధర్మంతో అవి నడిచేవి. తెచ్చినవాడిని డబ్బు అడిగే పద్ధతి లేదు. అయితే అక్కడ దొరికేది ముఖ్యంగా తిండి, నీడ, సంరక్షణ. ఎముక విరిగితే కట్టు కట్టే శాస్త్రం వేరే దారిలో రావలసి ఉంది.

ఆ శాస్త్రం ఎలా వచ్చిందో చూడండి. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1761లో క్లాడ్ బూర్జలా అనే ఆయనకు పశువైద్య పాఠశాల పెట్టడానికి అనుమతి దొరికింది. లండన్‌లో 1791లో మరొకటి వెలసింది. ఈ చదువు పుట్టింది గుర్రం కోసం, ఆవు కోసం. సైన్యానికి గుర్రం కావాలి, దేశానికి మాంసం, పాలు కావాలి. పిల్లి కోసం ఎవరూ బడి పెట్టలేదు. 1822లో ఇంగ్లండులో పశుహింసను అరికట్టే చట్టం వచ్చింది. అందులో గుర్రాలు, గాడిదలు, ఆవులు, గొర్రెలు పేరుపేరునా ఉన్నాయి గాని, పిల్లి లేదు. చూశారా! సంతలో ధర ఎలా ఉందో చట్టంలో చోటు కూడా అలాగే ఉంది.

ఈ లెక్కను తారుమారు చేసింది ఒక ఇల్లాలు. ఆమె పేరు మరియా డికిన్. లండన్ తూర్పు భాగంలోని పేదవాడలలో సంఘసేవకు తిరుగుతూ ఉండగా గాయాలతో, రోగాలతో వీధుల్లో ఈడ్చుకుపోతున్న కుక్కలను, పిల్లులను, బండిగాడిదలను ఆమె చూసింది. వాటి యజమానులు కఠినాత్ములు కారు. డాక్టరుకు ఇచ్చే డబ్బు లేనివాళ్లు, అంతే. 1917 నవంబరు 17వ తేదీన వైట్‌చాపెల్ పేటలో, నేలమాళిగ గదిలో, ఆమె ఒక వైద్యశాల తెరిచింది. అన్నిరకాల జంతువులకూ వైద్యం చేయబడుతుందనీ, అంతా ఉచితమనీ బయట పలక కట్టించింది. జనం విరగబడి వచ్చారు. ఆ గది చాలక పెద్ద చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఆరేళ్లు తిరగకముందే గుర్రపుబండిమీద వైద్యశాలను అమర్చి ఊళ్లమీదికి పంపింది.

ఇక్కడే అసలు తగవు పుట్టింది. ఆమె వైద్యశాలల్లో పనిచేసేవారిలో పట్టా లేనివారు చాలామంది ఉన్నారు. పని నేర్చుకున్నవారే గాని కళాశాలలో చదివినవారు కారు. పట్టా పుచ్చుకున్న పశువైద్యులు అభ్యంతరం చెప్పారు. "మా పొట్టకొడుతున్నారు" అన్న బాధ కొంత ఉండవచ్చు. కాని "తెలియని చేతిలో ప్రాణి హింసపడుతుంది" అన్న మాటలోనూ నిజం ఉన్నది. పట్టా ఉన్నవారిని పిలిచే తాహతు పేదవాడికి లేదు గనుకనే తాము వచ్చామని సంస్థవారి జవాబు. ఏళ్ల తరబడి సాగిన ఈ తగవు 1948లో పార్లమెంటు చేసిన పశువైద్యుల చట్టంతో ఒక దారికి వచ్చింది. పట్టా లేని వైద్యాన్ని ఆపారు. అప్పటికే సేవాసంస్థల్లో అనుభవం గడించినవారికి కొంత మినహాయింపు ఇచ్చారు. ఉచితం అన్నంత మాత్రాన అరకొర వైద్యం కారాదు, వైద్యం మంచిదైనంత మాత్రాన పేదవాడికి అందకుండా పోరాదు. ఈ చరిత్ర అంతటికీ సారం ఇదే.

డికిన్ పేరిట 1943లో ఒక పతకం కూడా ఏర్పడింది. యుద్ధాలలో సేవచేసిన జంతువులకు అది ఇస్తారు. కుక్కలకూ, పావురాలకూ, గుర్రాలకూ దక్కిన ఆ పతకం పొందిన పిల్లి ఒక్కటే. దాని పేరు సైమన్. 1949 ఏప్రిల్‌లో చైనాలోని యాంగ్ట్సీ నదిలో అమెథిస్ట్ అనే బ్రిటిషు యుద్ధనౌకమీద ఫిరంగి గుండ్లు పడినప్పుడు ఈ గండుపిల్లి ఒళ్లు కాలి, గుండుముక్కలు దిగి పడిపోయింది. ఓడలో మనుషులకు వైద్యం చేసేవారే దానికీ కట్లు కట్టారు. కోలుకున్నది. నూరు రోజులపాటు ఓడ నదిలో చిక్కుబడి ఉండగా, తిండిసరుకుమీద పడే ఎలుకలను మట్టుపెట్టింది. పతకం అందుకొనే లోపల ఆ నవంబరులోనే కన్నుమూసింది. కట్టిన కట్టు వృథా పోలేదని ఆ ఓడవారిని అడిగితే చెప్పేవారు!

మన దేశంలో 1861లో కలకత్తాలోనూ, 1874లో బొంబాయిలోనూ జంతుహింసా నివారణ సంఘాలు వెలిశాయి. బొంబాయిలోని పరేల్‌లో మిల్లు యజమాని దిన్షా పెటిట్ తన భార్య బాయి సకర్‌బాయి పేర జంతువుల ఆస్పత్రి కట్టించారు. 1886లో పశువైద్య కళాశాల అక్కడే మొదలైంది. మద్రాసులో కళాశాల 1903లో వచ్చింది. మద్రాసులో కెప్టెన్ వి. సుందరం కుటుంబం బ్లూక్రాస్ సంస్థను నెలకొల్పింది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు అటువంటి సంస్థనే ప్రారంభించారు. పల్లెలకు సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చాయి. వాటికి ఫోను నెంబరు 1962. అవి ముఖ్యంగా పాడిపశువులకు ఏర్పడినవి కనుక పిల్లికి ఏం చేయగలరో ముందుగా అడిగి తెలుసుకోండి.

ఇంత చరిత్ర విన్నాక మనం చేయవలసినది ఏమిటంటారా?

దెబ్బతిన్న కూనను గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టండి. వెచ్చదనం దానికి మొదటి మందు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టండి. విరిగిన కాలును లాగి సరిచేయబోకండి. మనుషుల జ్వరం బిళ్ల, అదే పారాసిటమాల్, ఒక ముక్కైనా వేయకండి. దాన్ని విరిచి వెళ్లగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలదు, ప్రాణమే పోతుంది. ఫినాయిలుతో పుండు కడగకండి, అదీ దానికి విషమే. మిమ్మల్ని కరిచినా, రక్కినా సబ్బుతో పావుగంటసేపు కడిగి, వెంటనే మనుషుల ఆస్పత్రిలో కుక్కకాటు సూది సంగతి అడగండి.

తరువాత ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. డబ్బు సంగతి దాచకండి. "అయ్యా, మా దగ్గర ఇంతే ఉంది, ముందుగా తప్పనిసరి ఏది?" అని అడగడంలో చిన్నతనం లేదు. నొప్పి తగ్గించడం, రక్తం ఆపడం ముందు; తక్కినవి తరువాత. తుంటి ఎముక విరిగిన పిల్లులు అనేకం శస్త్రచికిత్స లేకుండానే, కొన్ని వారాలు ఇరుకు పెట్టెలో కదలకుండా ఉంచితే కోలుకుంటాయి. మీ కూనకు అది సరిపోతుందో లేదో తేల్చవలసింది డాక్టరే. బ్రతికే ఆశ లేదని ఆయన చెబితే, బాధలేకుండా సాగనంపమని అడగడం కూడా వైద్యమే.

వైట్‌చాపెల్‌లో వరుస కట్టి నిలబడినవారు కూడా కూలీనాలీ చేసుకునేవారే. వారు పిల్లిని తెచ్చారు, డబ్బు తేలేదు. వైద్యం వారి దగ్గరికి దిగివచ్చింది. మన ఊళ్లోనూ అలా దిగిరావాలంటే, పశువైద్యశాల గడప తొక్కి అడగడం ముందు మనం నేర్చుకోవాలి.