యంత్రమునకు కళ్ళెము

గవర్నరు అనగానే మనలో పెక్కుమందికి రాజభవనము స్ఫురించును. బియ్యపు మిల్లులో ఆయిలు ఇంజను నడిపినవానికి మాత్రము ఆ మాట వినగానే గుర్తుకు వచ్చునది వేరు. ఇంజనులో గిరగిర తిరుగు రెండు ఇనుప బరువులు, వాని కదలికను చమురు పంపునకు అందించు ఒక సన్నని కడ్డీ. ఈ ఇరువురు గవర్నరులకును మూలపదము ఒక్కటే. ఓడ చుక్కాని పట్టువానికి ప్రాచీన గ్రీకు భాషలో గల పేరు లాటిను మీదుగా ఇంగ్లీషునకు వచ్చి ఈ రూపము దాల్చినది.

ఈ సాధనము మొదట పనిచేసినది ఇంజనులో కాదు, గాలిమరలో. 18వ శతాబ్దమున ఇంగ్లండులో గాలిమరలతో పిండి విసరెడివారు. గాలి హెచ్చినప్పుడు తిరుగలి వేగము పెరిగి, రాళ్ళ నడుమ ఎడమయి, పిండి బరకగా వచ్చెడిది. ఆ ఎడమును తనంతట తానే సరిచేయుటకై తిరుగుడు గుండ్లను అమర్చిరి. 1787లో థామస్ మీడ్ అనునతడు అట్టిదానికి పేటెంటు పొందెను. మరుసటి యేడు మే నెలలో మాథ్యూ బౌల్టన్ లండనులోని ఆల్బియన్ మిల్లులో ఇటువంటి అమరికను చూచి, తన భాగస్వామియగు జేమ్స్ వాట్‌కు జాబు వ్రాసెను. ఆ 1788లోనే వాట్ దానిని ఆవిరియంత్రమునకు అమర్చెను. వేగము హెచ్చిన గుండ్లు దూరముగా లేచి, మీటను కదల్చి, ఆవిరి దారిని కొంత మూయును. వేగము తగ్గిన అవి దిగి, దారిని తెరచును. వాట్ దీనికి పేటెంటు తీసికొనలేదు. గవర్నరును వాట్ కనిపెట్టెనని చెప్పుట పరిపాటి. ఒకచోట పిండి విసరుచున్న ఉపాయమును వేరొకచోట ఆవిరికి కళ్ళెముగా వేయవచ్చునని గ్రహించుటయే ఆయన ఘనత యని నా అభిప్రాయము. అది చిన్న ఘనత కాదు.

తొలినాటి గవర్నరులు మోటుగా నుండెడివి. చిత్రమేమన, పనితనము మెరుగై, కీళ్ళలో రాపిడి తగ్గినకొలది క్రొత్త చిక్కు వచ్చినది. ఇంజను ఒక వేగమున నిలువక, హెచ్చుచు తగ్గుచు ఊగులాడసాగెను. దీనికి ఇంజనీర్లు పెట్టిన పేరు ‘వేట’. ఎందువలన నిట్లగునో కార్ఖానాలలో తెలియరాలేదు. విద్యుదయస్కాంత సిద్ధాంతముచే ప్రసిద్ధుడైన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1868లో గవర్నరులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించి, ఏ నియమములు పాటించిన ఊగులాట అణగునో, ఏవి తప్పిన పెరుగునో గణితముచే చూపెను. 1877లో రౌత్ దానిని ఇంకను విస్తరించెను. నార్బర్ట్ వీనర్ 1948లో తన నియంత్రణ శాస్త్రమునకు ఆ చుక్కాని పట్టువాని గ్రీకు పేరునే పెట్టుకొని, మాక్స్‌వెల్ వ్యాసమును స్మరించెను.

రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున పరీక్షలో నెగ్గినది. దీనికి గవర్నరు ఆవిరియంత్రమునకంటె అవసరము. డీజిల్ ఇంజను గాలిని పీల్చుటకు అడ్డులేదు. శక్తి అంతయు ప్రతి విడతకు పడు చమురు బొట్టుపై ఆధారపడును. బరువు తొలగినపుడు చమురు తగ్గకున్న, వేగము పెరుగుచునే యుండును. పోత ఇనుప చక్రమును చీల్చు బలము వేగము రెట్టింపైన నాలుగు రెట్లగును. చక్రము పగిలినచో ఆ తునకలకు మిల్లు గోడ అడ్డుకాదు.

1927లో బాష్ కంపెనీ విరివిగా తయారుచేయ నారంభించిన పంపుతో ఈ అదుపు సులభమైనది. పంపులోని దండమును ఒక పండ్ల కడ్డీ అటునిటు త్రిప్పును. అది తిరిగినకొలది చమురు పాలు మారును. నిమిషమునకు 600, 650 సార్లు మాత్రమే తిరుగు లిస్టర్ కంపెనీ నెమ్మది ఇంజనులును, వాని పోలికపై రాజ్‌కోట్‌లో తయారైన ఇంజనులును మన దేశమున పిండిమరలను, నీటిపంపులను నడపినవి. వీనిలో గవర్నరునకును పంపునకును నడుమ నున్న లంకె పొడవును మరలతో సరిచేయవచ్చును.

ఇచ్చట పెక్కుమంది పొరబడుదురు. స్ప్రింగు బిగువు వేగమును నిర్ణయించును. లంకె పొడవు చమురునకు హద్దులు గీయును. ఇవి రెండు వేరు పనులు. ఇంజను బరువు లాగలేనపుడు కొందరు స్ప్రింగును బిగింతురు. వేగము పెరుగును, లోపము పోదు. సరియైన పద్ధతి యేమన, ఇంజను ఆగియుండి బరువులు ముడుచుకొనియున్నపుడు పంపు కడ్డీ నిండు చమురు గుర్తునకు రావలెను. బరువులు పూర్తిగా విచ్చుకొన్నపుడు అదే కడ్డీ చమురు పూర్తిగా నిలుచు చోటికి చేరవలెను. మొదటిది కుదరకున్న ఇంజను బెల్టు వేయగానే మూలుగును. రెండవది కుదరకున్న బెల్టు జారిన మరుక్షణము పరుగెత్తును. అందుచే అనుభవజ్ఞుడు రెండవదానినే ముందు చూచును.

పొడవు సరిపోయినను పని తీరదు. కీళ్ళ చీలలు అరిగి వదులైన, లేక జిడ్డు గడ్డకట్టి కడ్డీ పట్టివేసిన, వేగము మారిన సంగతి పంపునకు ఆలస్యముగా చేరును. అప్పటికి వేగము హద్దు దాటియుండును; దిద్దుబాటు మితిమీరును. మాక్స్‌వెల్ ప్రస్తావించిన ఊగులాటయే మరల ఊరి మిల్లులో వినబడును. ఇంజను ఒకసారి రొప్పి, ఒకసారి నీరసించును. అట్టి శబ్దము వినగానే డ్రైవరు ఇంజనును ఆపి, లంకెను చేతితో అటునిటు జరిపి, తానే వెనుకకు వచ్చుచున్నదా, ఎచ్చటనైన తడబడుచున్నదా యని చూచి, అరిగిన చీలను మార్చి, బిగింపు నట్లను మరల బిగించిన తరువాతనే హ్యాండిలు పట్టెడివాడు.