కంకర చెప్పే కాలం: బిట్రగుంట పట్టాల నుంచి సిమ్యులేటర్ తెర దాకా

రైలు సిమ్యులేటర్‌లో ఇంజన్ ఎంత ముచ్చటగా కుదిరినా, కంకరకు పక్క నేల అతకకపోతే రూటంతా తేలిపోతుంది. బూడిదరంగు కంకర గీత గీసినట్టు ఆగిపోయి, ఆ వెంటనే విలాయతీ పచ్చగడ్డి మొదలవుతుంది. బోగోలు మండలంలోని బిట్రగుంట స్టేషన్ దగ్గర అలాంటి గడ్డి ఏ కాలంలోనూ లేదు. మరి ఏ కాలంలో ఏముంది? అది తేల్చుకోకుండా రంగు కలపడం కుదరదు.

1899లో విజయవాడ–మద్రాసు లైను కలిసింది. అప్పట్లో కంకరంటే కూలీలు సుత్తెలతో కొట్టిన రాయి. దాని మీద చెక్క స్లీపర్లు, తర్వాత్తర్వాత ఇనుప స్లీపర్లు. కట్టకు తూర్పున సముద్రం దాకా ఇసుక నేలలు, తాటిచెట్లు, సరుగుడు తోటలు. పడమర ఎర్రమన్ను, మెట్టచేలు. ఒక్క మండలంలోనే రెండు నేలలు.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంటది పేరున్న లోకోషెడ్. బొగ్గు, నీళ్లు, బూడిద గుంటలు అక్కడి నిత్యకృత్యం. రాలిన బొగ్గుపొడి, బూడిద, నూనె కలిసి షెడ్ లైన్లలో కంకరేదో నేలేదో తెలియకుండా నల్లబరిచేవి. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. బోర్డుల మీద పేర్లు మారాయి గానీ నేల నలుపు పోలేదు.

1980 నాటికి విజయవాడ–చెన్నై మార్గమంతా కరెంటు లైనైంది. బిట్రగుంట షెడ్ ప్రాభవం తగ్గింది. సిమెంటు స్లీపర్లు పడ్డాయి, క్రషర్ కంకర వచ్చింది. రైల్వే కొలత ప్రకారం ఆ రాళ్లు 65 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కొత్తగా పోసినప్పుడు తెల్లబూడిద రంగు. బ్రేకుల ఇనుపపొడి పడే కొద్దీ తుప్పురంగు. బళ్లు ఆగే స్టేషన్ల దగ్గర ఆ తుప్పు మరీ చిక్కన. 2015–16లో మంజూరైన విజయవాడ–గూడూరు మూడో లైనుతో పాత కంకర పక్కనే కొత్త కంకర పరుచుకుంది.

ఇక తెర సంగతి. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్, ఆస్ట్రేలియా నుంచి ట్రెయిన్జ్ అనే మరో సిమ్యులేటర్ వచ్చాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఆరు రూట్లలో మన దేశానిది ఒక్కటీ లేదు. మన రూట్లను ఔత్సాహికులే కట్టుకున్నారు, చాలామంది సిమ్యులేటర్‌తో పాటు దొరికిన పరాయి మట్టి బొమ్మలనే పరిచారు. 2015లో ఓపెన్ రెయిల్స్ అనే సిమ్యులేటర్ 1.0 వచ్చి ఆ పాత రూట్లకు మళ్లీ ఊపిరి పోసింది. పరాయి మట్టి అలాగే మిగిలింది.

చిక్కు ఎక్కడుందంటే, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నేలను 128 మీటర్ల చదరాలుగా కోస్తుంది. దాని మీద అడ్డంగా 256 చుక్కలు (పిక్సెళ్లు) ఉన్న బొమ్మ ఒక్కటే సాగదీసి పరిస్తే ఒక్కో చుక్క అర మీటరవుతుంది. అందులో 65 మిల్లీమీటర్ల రాయి కనిపించదు. పట్టాలతో వచ్చే కంకర బొమ్మ మాత్రం కొన్ని మీటర్లకే మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి రాళ్లు స్పష్టంగా ఉంటాయి. కాబట్టి రాయికి రాయి కలపబోతే పని కాదు, రంగుకు రంగు కలపాలి. కంకర బొమ్మ సగటు రంగు తీసి, పక్క నేలను దాని వైపు కొంచెం జరపాలి. రెంటి మధ్య మట్టీ చితికిన రాయీ కలిసిన మూడో బొమ్మ ఒకటి పరచాలి. కట్ట వాలు మీద గ్రావెలు, తుప్పలు అడ్డదిడ్డంగా చల్లితే గీత చెరిగిపోతుంది. ఈ బొమ్మలకు కావలసిన ఫొటోలు మబ్బు పట్టిన పూట తీస్తే మేలు. ఎండలో తీస్తే రాళ్ల నీడలు బొమ్మలో అచ్చుపడి తెర మీది సూర్యుడితో పేచీ పెట్టుకుంటాయి.

ఇన్నేళ్ల చరిత్ర చూశాక తేలేదొకటే. బిట్రగుంట రూటు కట్టేవాళ్లు ముందు ఏడాది తేల్చుకోవాలి, ఆ తర్వాతే రంగు ముట్టుకోవాలి. 1960ల షెడ్‌లో తెల్ల క్రషర్ కంకర, నేటి లైన్లో బొగ్గు నలుపు రెండూ తప్పే. ఆవిరి రోజుల ఫొటోలు ఇంట్లో ఉన్న రైల్వే కుటుంబాలు వాటిని స్కాన్ చేయించి, ఏ ఏడాదివో వెనుక రాసి దాచాలి. రూటు కట్టేవాళ్లకు అంతకు మించిన ఆధారం దొరకదు.